శివరాత్రికి దించిన తీగలు

ఇప్పుడు ఫైబర్ కేబుల్‌ను ఊళ్ళ చుట్టూ రింగులాగా వేస్తున్నారు. ఒకచోట తెగితే మాట రెండో పక్క నుంచి చుట్టు తిరిగి వస్తుంది, ఫోన్‌లో ఉన్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు. దీన్నెవరైనా కొత్త వింతలా చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎనభైల్లో మాచర్లలో ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంకు ఆపరేటరుగా నేను చేసిందీ అదే. కాకపోతే అప్పుడు స్తంభాల మీద తీగలు. చుట్టు తిప్పేవి మా చేతులు.

నరసరావుపేటకు మాకు రెండు దారులు. ఒకటి గురజాల మీదుగా, రెండోది కారంపూడి, వినుకొండ మీదుగా. గురజాల దారి పోతే నేను కారంపూడి ఆపరేటరును పిలిచేదాన్ని. ఆమె వినుకొండను పిలిచేది, వినుకొండ పేటను అందుకునేది. ఒకరి మొహం ఒకరం చూసింది లేదు గానీ అక్కా, చెల్లీ అనే పిలుచుకునేవాళ్ళం. ఆలస్యమైతే తిట్టుకునేవాళ్ళం కూడా. రెండు దారులున్నాయని అందరికీ మహా ధీమా. ఆ ధీమాయే ఒకసారి కొంప ముంచింది.

శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కోటప్పకొండకు ప్రభలు కట్టుకుని వెళ్తారు. వెదుళ్ళతో గోపురంలా బండి మీద కట్టిన ఒక్కో ప్రభ తాటిచెట్టును మించిన ఎత్తు. దారిలో కరెంటు తీగలూ, ఫోను తీగలూ దించాల్సిందే. ప్రభ దాటాక మళ్ళీ ఎక్కిస్తారు. దేవుడి పని, దీన్నెవరూ తప్పు పట్టరు, నేనూ పట్టను.

ఆ ఏడు శివరాత్రి మధ్యాహ్నం మా వెనకింటి వదిన వచ్చి నా స్టూలు పక్కన నేల మీద కూలబడింది. చుట్టం కాదు, వరస కలిపిన వదిన. ఆమె మొగుడు నాపరాళ్ళ క్వారీలో పని చేసేవాడు. రాయి జారి కాలు మీద పడితే పేటలో ఆసుపత్రిలో చేర్చారు. తోడున్న మరిది ముందురోజు సాయంత్రం ఫోన్ చేశాడు. కాలు నల్లబడింది, మోకాలి కింద తీసెయ్యాలి, రేపు పొద్దుగూకేలోగా తియ్యకపోతే మనిషి దక్కడంటున్నారు, అన్నకు తెలివి లేదు, నువ్వు సరేనంటేనే నేను సంతకం పెడతా అన్నాడు. అత్తను అడిగి చెబుతానంది వదిన. అత్తేమో, "నీ మొగుడు, నీ ఇష్టం" అనేసింది. వెళ్దామంటే కొండకు పోయే ప్రభల వెనక బస్సులన్నీ దారిలోనే ఆగిపోయాయి.

బోర్డులో గురజాల దారి ప్లగ్గు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. కారంపూడి అక్కను పిలిచాను.

"వినుకొండ దాకా పలుకుతోంది, అవతల పేట లేదే. ప్రభ వస్తందని తీగలు దించారంట," అంది.

"గురజాల పక్క కూడా లేదక్కా!"

"అదేందే! ఆ పక్క ఉందనేగా ఈ పక్క దించింది!"

అప్పుడు అర్థమైంది. పొద్దున గురజాల దారిలో ఒక ఊరి ప్రభ దాటింది. తీగలు దించిన లైన్‌మెన్, వినుకొండ పక్క ఉందిలే అనుకుని, ఎక్కించకుండానే ప్రభ వెంట కొండకు పోయారు. వినుకొండ పక్కవాళ్ళు, గురజాల పక్క ఉందిలే అనుకుని, తమవీ దించారు. ఒకే దారి ఉన్న రోజుల్లో అయితే తీగ దించినవాడు మళ్ళీ ఎక్కించేదాకా అక్కడి నుంచి కదిలేవాడు కాదు. నోటికొచ్చినట్టు తిట్టాను. వినాల్సినవాళ్ళు మాత్రం అవతల లేరు.

వదిన తలెత్తింది. "ఏంది అమ్మాయ్, పలకటం లేదా? నేను చెప్పకపోతే మా మరిది అట్టాగే కూచుంటాడు. వాడికి చానా భయం."

ఇక మిగిలింది కృష్ణానది అవతలి దారి. పక్కనున్న పేటకు సాగర్, హైదరాబాద్, గుంటూరు తిప్పి మాట పంపుతానంటే పై ఆఫీసరు ఒప్పుకోడు. అందుకే అడగలేదు. సాగర్ ఆపరేటరును అందుకున్నాను.

"పేటకా? గింత చుట్టు తిరిగి పోవాల్నా?" అందామె. సంగతి చెప్పాను. "ఆగు అక్కా, లైన్ ఇడువకు. హైదరాబాద్‌ను నేను పట్టుకుంటా."

హైదరాబాద్ గుంటూరును, గుంటూరు పేటను, పేట ఆసుపత్రిని పట్టుకుంది. మరిది దొరికాడు గానీ గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. "ఒరేయ్ అబ్బాయ్!" అని వదిన ఎంత అరిచినా అతనికి వినపడలేదు. అలాంటప్పుడు ఆపరేటర్లమే మాట అందుకుని చెప్పేవాళ్ళం.

"ఏం చెప్పమంటావు వదినా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసి, "కాలు తియ్యమను. మనిషిని ఉంచమను," అంది.

నేను సాగర్‌కు చెప్పాను. సాగర్ ఆమె హైదరాబాద్‌కు చెప్పింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో ఆడమనిషి అదే మాట పలకడం సన్నగా వినపడుతూనే ఉంది. కాలు తియ్యమను, మనిషిని ఉంచమను. గుంటూరు దాటాక మాట తెలియలేదు. కాసేపటికి "సరేనన్నాడు" అన్న మాట అదే దారిన వెనక్కి వచ్చింది. వదిన అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మనిషి దక్కాడు. చంకకర్రతో ఇంటికొచ్చాక, "నా కాలు తియ్యమని ఊరూరా చాటింపు వేశారంటగా!" అని నా మీద ఎగిరాడు. "వేశాం, అందుకే ఎగరడానికి ఉన్నావు," అన్నాను. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

మరుసటి శివరాత్రి నుంచి, ఒక పక్క తీగలు ఎక్కించి నాకు బెల్లు కొట్టేదాకా రెండో పక్క చెయ్యి వెయ్యనివ్వలేదు. లైన్‌మెన్ నన్ను గయ్యాళి అన్నారు. అంటే అననీ అనుకున్నాను. ఆ మరుసటి శివరాత్రి రోజే వదిన వచ్చి అదే చోట నేల మీద కూర్చుంది. ఆమెకు ఫోన్ చెయ్యాల్సిన పనేమీ లేదు.

"ఇయ్యాల ఏ పక్క దించారు అమ్మాయ్?"

"గురజాల పక్క."

"మరి వినుకొండ పక్క పలుకుతోందా?"

ప్లగ్గు పెట్టి, పేట దాకా పలికించి, హెడ్‌సెట్ తీసి ఆమె చెవికి పెట్టాను. అవతలి గొంతు విని, తల ఊపి, ఇంటికి పోయింది.