కత్తెరమ్మ టెస్టు ఫైలు

మా మేనత్తకు ముక్కుమీద కోపం. ఆ కోపాన్ని ఇరవై ఏడేళ్లుగా ఇతరుల దగ్గుల మీద, తుమ్ముల మీద, గుటకల మీద తీర్చుకుంటూ వచ్చింది. ఆమె ఉద్యోగమే అది. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న సంస్థలో ఆమె సౌండ్ ఎడిటరు. చదివేవాళ్లు అద్దం గదిలో కూర్చుని చదువుతారు. వాళ్లు తప్పు పలికిన మాటలు, పేజీ తిప్పిన చప్పుళ్లు, కుర్చీ కిర్రుమన్న చోట్లు, అన్నిటినీ అత్తయ్య కంప్యూటర్లో కత్తిరించి పారేస్తుంది. అందుకే ఆఫీసులో ఆమెను కత్తెరమ్మ అంటారు. వెనకాల అంటారు లెండి. ఎదురుగా అనే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

నేనూ అదే ఆఫీసులో క్లర్కును. ఉత్తరాలు రాయడం, మీటింగుల్లో ఎవరేమన్నారో మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడం నా పని. అత్తయ్య సిఫారసుతో వచ్చానని చెవులు కొరుక్కునేవాళ్లున్నారు. నా దరఖాస్తులో రెండు తప్పులు పట్టి మేనేజరుకు చూపించింది ఆవిడేనని వాళ్లకు తెలియదు.

అత్తయ్య గది మెట్ల కింద ఉంటుంది. గోడలకు మెత్తలు, ఉన్న ఒక్క కిటికీకీ మేకులు. హెడ్‌ఫోను చెవి మెత్తలు చిరిగితే పాత దుప్పటి ముక్కతో తనే కుట్టుకుంది. కొత్తది కొంటామంటే ఒప్పుకోదు. ఆ గదిలోకి ఎవరొచ్చినా చెప్పులు బయట విడవాలి, ఊపిరి మెల్లిగా పీల్చాలి.

ఇక సౌండు రావడం లేదని ఎవరైనా గోల పెట్టారా, అత్తయ్య ముఖం వెలిగిపోయేది. పాఠాలు రికార్డు చేసుకునే పంతుళ్లు, పాటలు కలుపుకునే కుర్రకారు ఫోన్లు చేసి మరీ అడిగేవారు. ఆవిడ అందరికీ ఒకటే చెప్పేది: ముందు మీటరు చూడు. తెర మీద ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయంటే శబ్దం బతికే ఉంది, ఎటో పోతోంది, ఎటు పోతోందో వెతుక్కో. గీతలు కదలడం లేదంటే ఏదో మీట నువ్వే నొక్కి ఉంటావు, ఆ ట్రాకు నోరు నొక్కేశావేమో, లేదా పక్క ట్రాకు ఒక్కటే వినపడాలని సోలో పెట్టి మరిచిపోయావేమో చూసుకో. ఆ తర్వాత హెడ్‌ఫోను పిన్ను సగం దూరి ఊరుకుందేమో చూడు. ఆ తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి శబ్దం ఏ స్పీకరుకు పంపమని రాసి ఉందో చూడు. చిట్టచివరికి టెస్టు ఫైలు పెట్టు. బాగుందని ముందే తెలిసిన ఫైలు కూడా పలకకపోతే తప్పు మిషనుదే.

అందరూ టెస్టు ఫైలంటే కూమనే సైరను మోత పెట్టుకుంటారు. అత్తయ్యది మాత్రం వేరు. అందులో ఏముందో లోకంలో ఇద్దరికే తెలుసు, ఆవిడకూ నాకూ.

అందులో ఉన్నది గంభీరంగారు.

గంభీరంగారు మా సంస్థలో అందరికన్నా పెద్ద పాఠకుడు. రిటైరైన లెక్చరరు. ఆయన గొంతు వింటే గోడలు కూడా సర్దుకుని నిలబడతాయి. శ్రోతలు ఆయనకు ఉత్తరాలు రాయిస్తారు, దేవుడు మాట్లాడుతున్నట్టుంటుందని. ఆ దేవుడు మూడు వాక్యాలకోసారి తడబడతాడు. రచయితల్ని తిడతాడు. తుమ్మితే వరసగా మూడు తుమ్ముతాడు. ఇవన్నీ కత్తిరించి చెత్తలో పారేసేముందు అత్తయ్య మంచివి ఏరుకుని దాచుకునేది. ఏళ్ల తరబడి ఏరగా పన్నెండు నిమిషాలైంది. ఆ పన్నెండు నిమిషాలే ఆవిడ టెస్టు ఫైలు. సౌండు బాగున్న రోజు కూడా టెస్టు చేసుకునేది, పాపం.

ఇలా ఉండగా మాకు కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, కాకపోతే దేన్ని చూసినా ఇంకా చకచకా అయిపోవాలంటాడు. పుస్తకాన్ని కంప్యూటరే గడగడా చదివేస్తుందని, యంత్రం దగ్గదని, తడబడదని, కాబట్టి చదివేవాళ్లూ అక్కర్లేదు, కత్తిరించేవాళ్లూ అక్కర్లేదని లెక్క తేల్చాడు. కమిటీ ఒప్పుకుంటే ఆ నెలాఖరుకు మెట్ల కింద గదికి తాళం. మీటింగు గురువారం పదకొండింటికి. కమిటీలో ఐదుగురు, వాళ్లలో ముగ్గురికి చూపు లేదు. అధ్యక్షురాలు టీచరుగారు. చూపు లేకపోయినా ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. మా పుస్తకాలు ఒక్కటి కూడా విడవకుండా వింటుంది.

యంత్రం గొంతు నమూనా కమిటీకి వినిపించడానికి మేనేజరు వైరు లేని స్పీకరొకటి తెప్పించాడు. దాన్ని పరీక్షించి పెట్టమని బుధవారం ఎవరికి అప్పగించాడనుకున్నారు? అత్తయ్యకే. నా గొయ్యి నాచేతే తవ్విస్తున్నాడని ఆవిడ పళ్లు నూరింది. నూరుతూనే దాన్ని తన కంప్యూటరుకు జతచేసి, పలుకుతోందని చూసి, ఆపేసి మీటింగు హాల్లో పెట్టి వచ్చింది. జత విడగొట్టడం మాత్రం మరిచిపోయింది. కోపంలో మరిచిపోయిందని ఆవిడ అంటుంది. నేను నమ్మాను, నమ్మక చస్తానా.

గురువారం ఉదయం అత్తయ్య గంభీరంగారి కొత్త పుస్తకంలోంచి పది నిమిషాలు నునుపు చేస్తూ కూర్చుంది. యంత్రం వినిపించాక దాన్ని వినిపించి, మనిషికీ మిషనుకూ తేడా కమిటీ చెవులతోనే తేల్చుకోమందామని ఆవిడ ఎత్తు. పదకొండూ పదికి ఉన్నట్టుండి హెడ్‌ఫోను మూగబోయింది. సరిగ్గా అప్పుడే పైన హాల్లో మేనేజరు స్పీకరు మీట నొక్కాడు. అది అతని ఫోను కోసం చూడలేదు. నిన్న పరిచయమైన కంప్యూటరు దొరకగానే దానికి అతుక్కుంది.

నేను హాల్లో మినిట్స్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. గంభీరంగారు ఒక మూల, ఉరిశిక్ష వినడానికి వచ్చినవాడిలా కూర్చున్నారు. మేనేజరు యంత్రం గొప్పతనమంతా చెప్పి, స్పీకరు మీట నొక్కి, ఇక వినండని ఫోను నొక్కాడు. స్పీకరులోంచి నిండుగా ఒక గొంతు వచ్చింది. "ఆ రోజు సాయంత్రం నదీతీరాన ఆమె ఒంటరిగా నిలబడింది." ఆగిపోయింది. మళ్లీ అదే వాక్యం. మళ్లీ ఆగిపోయింది. కింద అత్తయ్య సౌండు రావడం లేదని మొదటికి జరిపి మళ్లీ మళ్లీ నొక్కుతోంది మరి.

టీచరుగారు తల పంకించింది. "యంత్రం బాగానే ఉందండీ. అచ్చం మన సార్ గొంతే."

గంభీరంగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. తన గొంతు ఎత్తుకుపోయి మిషనులో పెట్టేశారనుకున్నారు. మేనేజరుకూ ఏం జరుగుతోందో అంతుబట్టలేదు, కానీ మెచ్చుకుంటుంటే కాదనేంత అమాయకుడు కాదు. అలాగే ఉంటుందండీ, చాలా కష్టపడి తయారుచేశారని నసిగాడు. నాకు మాత్రం అర్థమైపోయింది. వెంటనే కిందికి పరుగెత్తి ఉండాల్సింది. పరుగెత్తలేదు. ఆ తప్పు నాది, దానికి నేను ఇప్పటికీ పశ్చాత్తాపపడడం లేదు.

కింద అత్తయ్య తన పద్ధతిలోనే వెళ్లింది. మీటరు కదులుతోంది. ట్రాకు నోరు తెరిచే ఉంది. సోలో లేదు. పిన్ను గట్టిగా ఉంది. ఇక శబ్దం ఎటు పోతోందో సెట్టింగుల్లో చూడాలి. ఊళ్లో అందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పే ఆ ఒక్క మెట్టునూ ఆవిడ దాటేసింది. ఇరవై ఏడేళ్లుగా తన మిషను తను తప్ప ఎవరూ ముట్టుకోలేదు, అది వేరే దారి పడుతుందని అనుమానించడం తనకే అవమానమట. నేరుగా టెస్టు ఫైలు పెట్టింది. వినపడకపోతే సౌండు చివరిదాకా పెంచింది.

హాల్లో యంత్రం మూడుసార్లు తుమ్మింది.

కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత యంత్రం అంది: "నదీతీ... నదీతీరా... ఛీ, ఈ రచయితకి నిలబెట్టడానికి ఇంకో చోటే దొరకలేదా?"

వెంటనే ఒక ఆడగొంతు, విసుగ్గా: "నది ఎక్కడికీ పోదు సార్. నీళ్లు తాగి మళ్లీ మొదలెట్టండి."

తర్వాత వరసగా వచ్చిపడ్డాయి. కామాల మీద తిట్లు, కడుపులో గుడగుడలు, కట్టుడుపళ్లు టక్కుమన్న చప్పుడు. నాలుక తిరగకపోతే పళ్లు తీసి చదవమని ఆ ఆడగొంతు సలహా. కథలో అమ్మాయి ఏడుస్తుంటే మీరు రైళ్ల టైంటేబులు చదువుతున్నట్టు చదువుతున్నారేంటని మందలింపు. మేనేజరు స్పీకరు మీద పడి మీటలన్నీ నొక్కాడు. ఆపే మీట దొరికేలోపు టీచరుగారు చెయ్యెత్తి ఆపొద్దంది. అప్పటికే కమిటీ కమిటీ అంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. గంభీరంగారు కళ్లు మూసుకుని, భూమి చీలుతుందేమోనని ఎదురు చూస్తున్నారు.

ఫైలు చివర్లో ఏముందో నేను మరిచిపోయాను. ఒక కొడుకు తల్లిని సాగనంపే ఘట్టం అది. గంభీరంగారు రెండు మాటలు చదివారు, గొంతు పూడుకుపోయింది. చాలాసేపు ఏమీ లేదు, ఎవరో ముక్కు ఎగబీల్చడం తప్ప. అప్పుడు అదే ఆడగొంతు, ఈసారి చాలా మెల్లగా: "ఫరవాలేదు సార్. నేను రికార్డింగు ఆపేశాను. మీకు చదవాలనిపించినప్పుడే చదవండి."

ఆపలేదని మేమంతా వింటూనే ఉన్నాం. హాల్లో నవ్వు ఆగిపోయింది.

"ఆ పుస్తకం నేను నాలుగుసార్లు విన్నాను సార్," అంది టీచరుగారు. "అక్కడ మీరు ఏడ్చారని నాకు తెలీనే తెలీదు."

సరిగ్గా అప్పుడు కింద అత్తయ్య, వేరే గతిలేక, సెట్టింగులు తెరిచింది. శబ్దం ఎక్కడికి పోతోందో రాసి ఉన్న చోట మీటింగు హాలు స్పీకరు పేరు కనిపించింది. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది, హెడ్‌ఫోను మెడలోనే ఉంది, తెగిన తోకలా వైరు వేలాడుతోంది. ఆవిడ ముఖంలో కోపం లేకుండా నేను చూడడం అదే మొదటిసారి. భయం వేసింది నాకు. ఉద్యోగం ఎలాగూ పోయింది, గంభీరంగారి ముందు పరువు కూడా పోయింది.

టీచరుగారు అడుగుల చప్పుడుకు అటు తిరిగింది. "ఇప్పుడు విన్నామే, ఆ ఆడగొంతు ఎవరిది? ఇరవై ఏళ్లుగా మీ పుస్తకాలు వింటున్నాను. ఆ గొంతు ఒక్కసారీ వినలేదు."

అత్తయ్య ఒక అడుగు లోపలికి వేసింది.

"నాదేనండీ," అంది అత్తయ్య. "నేను వినపడకుండా చూసుకోవడమే నా పని."

"బాగా చేశారమ్మా. ఎంత బాగా చేశారంటే, మీరొకరు ఉన్నారనే మాకు తెలీలేదు. ఇంకో పది నిమిషాలయితే మిమ్మల్ని తీసేయమని నేనే చెయ్యెత్తేదాన్ని."

అత్తయ్య కళ్లు తుడుచుకోలేదు. కమిటీలో చూపున్నవాళ్లు ఇద్దరే కదా అనుకుని ఉంటుంది, మిగతా మమ్మల్ని లెక్కలోంచి తీసేసి.

నిర్ణయం మినిట్స్ పుస్తకంలో నా చేత్తోనే రాశాను. దరఖాస్తు ఫారాలూ నోటీసులూ యంత్రం చదువుతుంది, పుస్తకాలు మనుషులు చదువుతారు, మెట్ల కింద గది ఉంటుంది. దానికి రెండు షరతులు పెట్టారు. ఊపిరులన్నీ కత్తిరించొద్దు, కొన్ని ఉంచాలి. ప్రతి పుస్తకం చివర, చదివినవారి పేరు తర్వాత, ఎడిటింగు తనదని ఎడిటరు తన గొంతుతో చెప్పాలి. మొదటి షరతుకు అత్తయ్య అగ్గిమీద గుగ్గిలమైంది. ఇరవై ఏడేళ్లు కత్తిరించాక ఇప్పుడు కత్తిరింపులు కావాలంటారేంటని వారంరోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గంభీరంగారు మాత్రం ఆ ఫైలు గురించి ఒక్క మాటా అనలేదు. అదే ఆవిడను ఎక్కువ కలవరపెట్టింది.

రెండో షరతు తీర్చే రోజు అత్తయ్య మొదటిసారి అద్దానికి అవతల కూర్చుంది. ఆవిడ కుర్చీలో గంభీరంగారు కూర్చున్నారు. చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం. పంతొమ్మిదిసార్లు పట్టింది. ఒకసారి ఎక్కిళ్లు, ఒకసారి తన పేరే తడబడింది. అద్దం గది స్పీకరులోంచి గంభీరంగారి గొంతు నిండుగా వినిపించింది: "మీవి సొంత పళ్లే కదమ్మా, నాలుక తిరగదేం?"

పోయిన వారం హెడ్‌ఫోను మళ్లీ మూగబోయింది. అత్తయ్య ఈసారి ఒక్క మెట్టూ దాటకుండా వెళ్లింది. వైరు మార్చి, చివరికి టెస్టు ఫైలు పెట్టింది. సౌండు వచ్చింది. వచ్చింది మాత్రం గంభీరంగారి తుమ్ములు కావు, తన ఎక్కిళ్లు. పాత ఫైలు ఉన్న చోట అదే పేరుతో ఆయన తను ఏరి కూర్చిన ఫైలు పెట్టిపోయారు.

ఎంత చండాలంగా ఉందో వినమని నన్ను పిలిచి హెడ్‌ఫోను ఇచ్చింది. విన్నాను. పద్దెనిమిది తడబాట్లూ వరసగా ఉన్నాయి. చివర్లో ఇద్దరు ముసలివాళ్లు పగలబడి నవ్వుతున్నారు. ఒకటి ఆయన నవ్వు. రెండోది ఎవరిదో పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది, ఎందుకంటే మా ఇంట్లో ఎవరమూ దాన్ని ఎప్పుడూ వినలేదు.

"ఈ చివరి ముక్క కత్తిరించనా అత్తయ్యా?" అన్నాను.

నా చేతిమీద ఒక్కటేసి హెడ్‌ఫోను లాక్కుంది.