అనసూయమ్మ నలభై రౌండ్లు

1986లో నేను మాచర్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో పంప్ ఆపరేటర్‌గా పని చేస్తున్నాను. పంప్ ఆపరేటర్ అంటే మోటారు వేసి, కట్టేసి కూర్చునేవాడని అనుకుంటారు. నా పని స్విమ్మింగ్ పూల్. తాగే నీళ్లకే బిందెలెత్తుకుని తిరిగే పల్నాడులో ఈత కొట్టడానికి నీళ్లేమిటని మా బంధువులు నన్ను ఎగతాళి చేసేవారు. వాళ్లన్నదాంట్లో తప్పు లేదు.

ఫ్యాక్టరీ కట్టేటప్పుడు మెషీన్లు బిగించడానికి బయటినుంచి ఇంజినీర్లు వచ్చారు. వాళ్ల కోసం ఆ పూల్ తవ్వించారు. పని అయిపోయి వాళ్లు వెళ్లిపోయారు. కంపెనీ ఇళ్లన్నీ ఉద్యోగులకే అమ్మేసింది. ఇళ్లు కొనుక్కున్నవాళ్లు ఓనర్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. రోడ్లు, వీధి దీపాలు, పార్కు, పూల్ అందరికీ ఉమ్మడి. రోడ్ల గురించి ఎవరూ ఎప్పుడూ కొట్లాడుకోలేదు. పూల్ గురించి మాత్రం ప్రతి మీటింగులోనూ గొడవే. గోడకు తొమ్మిది రూల్సున్న బోర్డు ఒకటి కొట్టించారు.

ఆ బోర్డును నేను చదవగలను. ఇది చిన్న విషయంగా మీకు అనిపించవచ్చు. ముప్పై ఎనిమిదో ఏట ఫ్యాక్టరీవాళ్ల వయోజన విద్య బడిలో నేను అక్షరాలు దిద్దాను. అంతకు ముందు వేలిముద్ర. అందుకని రాతలో ఉన్న మాటంటే నాకు భయం, గౌరవం రెండూ ఉండేవి. నోటితో అన్నమాట గాలికి పోతుంది, రాసింది నిలుస్తుందని మా పంతులు చెప్పేవాడు. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

పని సంగతి కొంచెం చెప్పాలి. పొద్దున్నే గాజు గొట్టంలో పూల్ నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తాను. నిమ్మపండు రంగు వస్తే నీళ్లలో క్లోరిన్ సరిపోయినట్టు. రంగు రాకపోతే బ్లీచింగ్ కలపాలి. తర్వాత బ్యాక్ వాష్, అంటే ఫిల్టర్‌లోని ఇసుకలోకి నీళ్లను వెనక్కి తోసి మురికి కడగడం. పంపుకు ముందు హెయిర్ క్యాచర్ అని ఒక ఇనుప బుట్ట ఉంటుంది. వెంట్రుకలు, ఆకులు, దారాలు పంపులోకి పోకుండా అక్కడ ఆగుతాయి. మూడు రోజులకోసారి బుట్ట తీసి కడిగి, ఏమున్నాయో లాగ్ బుక్కులో ఒక గడిలో రాయాలి. గడి చిన్నది, నా అక్షరాలు పెద్దవి. 'దారాలు' అని రాస్తే గడి నిండేది.

ఇంతా చేసి ఆ నీళ్లలో నేను ఏనాడూ మునగలేదు. స్టాఫ్ దిగకూడదన్నది ఏడో రూలు.

అనసూయమ్మ భర్త క్రషర్ దగ్గర ఫోర్‌మన్. ఆ ఏడాది సంక్రాంతి దాటాక డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. పెద్దకర్మ అయిన మూడో నాడు ఆవిడ కుళాయి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నరసరావుపేటలో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఎముక అతికాక జూన్‌లో, నడక రావాలంటే ఛాతీ లోతు నీళ్లలో రోజూ నడవాలనీ, మెల్లగా పెంచుకుంటూ నలభై రౌండ్లకు రావాలనీ డాక్టరు చీటీ రాసిచ్చాడు. మూడు నెలలు గడువు చెప్పాడు.

ఆవిడకు ఆ మూడు నెలలూ ప్రాణం లాంటివి. భర్త పోయినందుకు కంపెనీ టైమ్ ఆఫీసులో, అంటే హాజరు పట్టీలు చూసే చోట, ఉద్యోగం ఇస్తామంది. కానీ సెప్టెంబరులో కంపెనీ డాక్టరు ముందు సాయం లేకుండా నడిచి చూపించాలి. నడిస్తే ఉద్యోగం, తన ఇంట్లో తన బతుకు. నడవలేకపోతే నూజెండ్లలో తమ్ముడి ఇంటికి పోవాలి. తమ్ముడు చెడ్డవాడు కాదు. "వాళ్లింట్లో నాకొక మంచమేస్తారన్నా. ఆ మంచం మీదే నన్ను చూస్తారు" అని ఒకసారి అంది.

కాలనీలో నన్ను అన్నా అని పిలిచింది ఆవిడ ఒక్కతే. మిగతావాళ్లందరికీ నేను ఏసోబునే.

సెక్రటరీ గారు డాక్టరు చీటీ చూసి, "రూలైతే ఒప్పుకోదు గానీ, మధ్యాన్నం లేడీస్ టైములో చీరతోనే దిగనియ్యి" అని నోటిమాటగా చెప్పారు. నాలుగో రూలు ప్రకారం ఈత బట్టలు లేకుండా దిగకూడదు. ఆడవాళ్లైతే కనీసం పంజాబీ డ్రెస్సు వేసుకోవాలి. మూడు నుంచి నాలుగు దాకా లేడీస్ టైము. ఆ ఎండకు ఎవరూ వచ్చేవారు కాదు. ఆవిడ పాత నైలాన్ చీర, నైలెక్స్ అనేవాళ్లం, గోచీ పోసి కట్టుకుని, కర్ర గట్టు మీద పెట్టి, కడ్డీ పట్టుకుని మెట్లు దిగేది. నేను పంపు గది గుమ్మంలో అటు తిరిగి కూర్చుని, ఒక్కో రౌండుకూ గోడ మీద సుద్దతో గీత గీసేవాణ్ణి. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

"ఎన్నయినయ్ అన్నా?"

"ఎనిమిది."

"తొమ్మిది కాదూ? నువ్వు కునుకు తీస్తన్నావు."

"కునుకు తీసేది ఎవరమ్మా? మీరు మలుపులో ఆగి సగం నడిచి లెక్కేసుకుంటన్నారు."

"ఏందో, మేస్త్రీ కంటే ఎక్కువయ్యావు నువ్వు."

మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లు. రోజులో నేను ఇంకొకరితో మాట్లాడే మాటలు ఆ గంటలోనే ఉండేవి. ఆవిడకూ అంతేనని అనుకుంటాను. ఆరు రౌండ్లతో మొదలుపెట్టి ఇరవై ఏడుకు వచ్చింది.

ఒక శుక్రవారం ఎండ కాస్త తగ్గిందని నలుగురు ఆడవాళ్లు వచ్చారు. నీళ్లలో అనసూయమ్మను చూసి గేటు దగ్గరే ఆగిపోయారు. వాళ్లలో ఒకావిడ నన్ను పక్కకు పిలిచింది. "ఏం ఏసోబూ, ఏడాది తిరగని మనిషి శుక్రవారం పూట నీళ్లలో ఉంటే మేమెట్టా దిగేది? మాకు పుస్తెలు లేవా, పిల్లలు లేరా?"

"ఆమెకు డాక్టరు చీటీ ఉందమ్మా."

"చీటీకేం, నువ్వు కూడా రాస్తావు" అని నవ్వింది. నలుగురూ వెనక్కి వెళ్లిపోయారు.

అనసూయమ్మ వినలేదనే అనుకున్నాను. ఆ రోజు ఇరవై ఒక్క రౌండ్లకే ఎక్కేసింది.

పది రోజులకు జనరల్ బాడీ పెట్టారు. అంటే ఇళ్ల ఓనర్లందరూ ఏడాదికోసారి కూర్చునే మీటింగు. ముందు రోజు సెక్రటరీ గారు పిలిచి, "లాగ్ బుక్కు తీసుకుని రా ఏసోబూ. అడిగింది చదువు, అంతే" అన్నారు. ఆ సాయంత్రం నేను చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆవిడ సంగతి నా బుర్రలో లేనే లేదు. పెద్దవాళ్ల మధ్య నిలబడి చదవబోతున్నాను, అదే ఉంది.

రిక్రియేషన్ క్లబ్బులో ఆదివారం పొద్దున. ఆవిడ వెనక వరసలో కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సెక్రటరీ గారు లేచి, చీరలతో దిగడం వల్ల ఫిల్టర్ పాడవుతోందని కంప్లయింట్ వచ్చిందన్నారు.

"ఎవరిచ్చారు బాబాయ్ గారూ?" అని ఆవిడ అడిగింది.

"ఎవరైతే ఏందమ్మా, ఇది మెషీను సంగతి."

ముందు వరసలోంచి ఎవరో, "ఆమెను కూడా పంజాబీ డ్రెస్సు వేసుకోమనండి, గొడవ పోయిద్ది" అన్నారు.

"ఆయన పోయిన ఆరో నెలలో నేను పంజాబీ డ్రెస్సేసుకుని వస్తే, అప్పుడు దేనిమీద ఇస్తారు కంప్లయింట్?" అందావిడ.

కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు. సెక్రటరీ గారు నా వైపు తిరిగారు. "చదువు ఏసోబూ."

నేను చదివాను. హెయిర్ క్యాచర్ తీశాను, దారాలు ఉన్నవి. మూడు రోజుల తర్వాత తీశాను, దారాలు ఉన్నవి. ఒక్క అక్షరం తడబడలేదు. "పర్లేదే, మనోడు పేపర్ చదివినట్టు చదువుతున్నాడు!" అని ఒక ఇంజినీరు గారు అంటే నలుగురు చప్పట్లు కొట్టారు.

అనసూయమ్మ లేచి నిలబడింది. లేవడానికి కొంచెం సేపు పట్టింది. "అన్నా, అవి ఏ రంగు దారాలు?" అని అడిగింది.

అవి తెల్లనూలు దారాలు. ఈతకొచ్చే పిల్లలు గట్టు మీద ఒళ్లు తుడుచుకునే టర్కీ తువాళ్లవి. ఆవిడ నీళ్లలో దిగక ముందు నుంచీ నా చేతికి వస్తున్నవే. ఆ పాత పేజీలు చదవమని ఎవరూ అనలేదు. ఆవిడ చీర ఆకుపచ్చ నైలెక్స్. నైలెక్స్ నీళ్లలో పోగు వదలదు. ఈ సంగతి ఆ హాలులో నాకొక్కడికే తెలుసు. గేటు దగ్గర శుక్రవారం ఏమన్నారో కూడా నేనే విన్నాను.

నేను బుక్కు వంక చూశాను. "రంగు బుక్కులో రాయలేదమ్మా" అన్నాను.

ఎవరూ నన్ను బెదిరించలేదు. ఆశ పెట్టలేదు. బుక్కులో లేనిది మీటింగులో చెప్పకూడదని అనుకున్నాను. చదవడం వచ్చిన మనిషి రాసిందాన్ని దాటకూడదనుకున్నాను. వేలిముద్ర వేసే రోజుల్లోనైతే తెల్లవని చెప్పేసి ఉండేవాణ్ణి.

ఆవిడ కూర్చుంది. చీరతో ఎవరినీ నీళ్లలో దిగనివ్వకూడదని చేతులెత్తి తీర్మానం చేశారు.

తర్వాత మూడింటికి నేను ఊరికే గుమ్మంలో కూర్చునేవాణ్ణి. మూడు రోజులకు బుట్ట తీస్తే దారాలు. ఆరు రోజులకు తీస్తే అవే, అన్నే. తొమ్మిదో రోజు ఆ తడి దారాలన్నీ పిడికిట్లో పట్టుకుని సెక్రటరీ గారింటికి వెళ్లాను.

"అయ్యా, ఆమె దిగడం మానేసినా ఇవి వస్తనే ఉన్నయ్. ఇయ్యి తువాళ్లవి."

ఆయన వాటిని ముట్టుకోలేదు. "ఆమె మొహం మీదే అడిగింది కదయ్యా, బుక్కులో లేదన్నది నువ్వే. ఇప్పుడు తీర్మానమైపోయింది. మళ్లీ జనరల్ బాడీ వచ్చే ఏడే" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు.

అక్కడి నుంచి అనసూయమ్మ ఇంటికి వెళ్లాను. వరండాలో గోడ పట్టుకుని నడుస్తోంది. గోడకు ఆవిడ చెయ్యి ఆనిన చోట సున్నం రాలి బారుగా చార ఏర్పడింది. దారాల సంగతి చెప్పాను.

"నన్ను ఆపింది దారాలేనని నువ్వూ అనుకుంటన్నావా?" అని అడిగింది.

"కాదని తెలుసమ్మా. శుక్రవారం నేను విన్నా."

"నేనూ విన్నా."

ఆవిడ మళ్లీ గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఆ తర్వాత నేను, "సోమవారం పూల్ క్లీనింగ్, ఎవరూ రారు. వెనక గేటు తీసి పెడతా. మీరొచ్చి నడవండి" అన్నాను.

"నా ఇల్లుంది ఈ కాలనీలో. నా పూల్‌లో దొంగతనంగా నడవాల్నా?"

"మీ కాలు కోసమమ్మా."

"మొన్న అందరి ముందూ ఒక్క మాట అంటే నా కాలు బాగయ్యేదన్నా. ఇప్పుడు గేటు తీస్తానంటన్నావు." కోపంగా అనలేదు. అలసిపోయి అంది. "ఎండన పడొచ్చావు, మంచినీళ్లు తాగి పో."

తాగి వచ్చేశాను.

సెప్టెంబరులో కంపెనీ దవాఖానా ముందు ఆవిడను గేటు దాకా నడవమన్నారట. సగం దూరం నడిచి, పక్కనున్న నర్సు భుజం పట్టుకుందట. ఇంకో వారానికి తమ్ముడు నూజెండ్ల నుంచి ట్రాక్టరు తెచ్చాడు. సామాను ఎక్కించడానికి నేనూ వెళ్లాను. ఆవిడ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. బీరువా, కుట్టుమిషను, మంచం ఎక్కించాం. ఆవిడను ట్రాక్టరు వెనక ట్రక్కులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ట్రాక్టరు కదిలేటప్పుడు కుర్చీ జారకుండా రెండు చేతులా పట్టుకుంది. అందుకని చెయ్యి ఊపలేదేమోనని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత ఆవిడను నేను చూడలేదు.

మరుసటి ఏడు జనరల్ బాడీకి నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్లి వెనక నిలబడి, అడక్కుండానే అంతా చెప్పాను. దారాలు తెల్లవని చెప్పాను. శుక్రవారం గేటు దగ్గర ఏ మాట అన్నారో కూడా చెప్పాను. ఎవరన్నారో పేరు చెప్పలేదు. "వీడికి అనవసరం" అని ఒకరు, "చెప్పనీండయ్యా, పోయేదేముంది" అని ఒకరు అన్నారు. చివరికి డాక్టరు చీటీ ఉన్నవాళ్లు నైలాన్ చీరతో దిగవచ్చని నాలుగో రూలు మార్చారు. బోర్డు మీద కొత్త వాక్యం రాయించారు. నేను అక్కడ పని చేసినన్నాళ్లూ మూడింటికి చీరతో ఎవరూ రాలేదు. క్లోరిన్ మాత్రం రోజూ చూసి పెట్టేవాణ్ణి.

ఈ పనిలో నాకు తెలిసి వచ్చింది ఒకటే. బుక్కులో గడి చిన్నది. గడిలో పట్టనిది చూసినవాడి దగ్గరే ఉంటుంది. అడిగినప్పుడు దాన్ని వాడే చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేరు. ఆ తర్వాత ఏ మీటింగులో బుక్కు చదవమన్నా, ముందు నేను చూసింది చెప్పి, అది అయ్యాకే బుక్కు తెరిచేవాణ్ణి. అలా రెండు మీటింగులు జరిగాయి. మూడోసారి నన్ను రావద్దని, బుక్కు ఒక్కటే పంపమన్నారు.