అత్త గోడ మీది సముద్రం

మా మేనత్త పోయింది. తమ్ముడు పుంగనూరు నుంచి దొరికిన బస్సెక్కి కుప్పం వచ్చి, మా గడపలో నిలబడి, "అత్త లేదక్కా" అన్నాడు. ఒంటరిగా బతికింది, నిద్రలో ఒంటరిగానే పోయింది. పక్కింటావిడ పాలు తెచ్చి తలుపు కొడితే తెలిసిందట.

డెబ్బైల మొదట్లో మామ బెల్లం లోడుతో లారీలో మద్రాసు వెళ్లాడు. సరుకు దించాక ఒళ్లు కడుక్కోవడానికి సముద్రంలో దిగాడు. అల లాక్కుపోయింది. శవం దొరకలేదు. వాళ్లకు పిల్లలు లేరు. సముద్రం ఎట్లా ఉంటుందో అత్తకు తెలియదు. వానొస్తే నిండే మా చెరువులే ఆమె చూసిన నీళ్లు.

 మామ పోయిన కొన్నాళ్లకు అత్త ఒకరోజు సున్నంలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపి, కొబ్బరి పీచును కుంచె చేసుకుని, నడవ గోడ మీద గీయడం మొదలుపెట్టింది. అల ఎక్కడ లేస్తుంది, విరిగాక నురగ ఎటు పోతుంది అని లారీ డ్రైవర్లను, రామేశ్వరం వెళ్లొచ్చిన ముసలమ్మలను, మదనపల్లె నుంచి వచ్చే గాజులాయనను ఆపి అడిగేది. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పేవారు. విన్నదాన్ని బట్టి తుడిచి మళ్లీ గీసేది. ఆ నీళ్లలో మనిషిని మాత్రం ఎన్నడూ గీయలేదు. బడి నుంచి వచ్చి నేను పక్కన కూర్చుంటే, "సూడు పాపా, కదల్తాండాదా?" అనేది. లేదని నేనంటే కోపపడేది కాదు. కుంచె మళ్లీ ముంచేది.

నా పెళ్లికి అత్త ఇల్లే విడిది. మగపెళ్లివారి కంట ఆ గోడ పడకూడదని నాన్న సున్నం బకెట్టు పట్టుకుని వెళ్లాడు. అత్త అడ్డం రాలేదు. మెల్లగా ఒక మాట అంది.

"కాల్చిన సోటుంటే ఆడికి పోయి ఏడ్సుకుంటానన్నా. నాకు ఆ సోటు లేదు. ఈ గోడుండాది."

నాన్న బకెట్టు కింద పెట్టేశాడు. ఆ ఒక్క గోడ వదిలి మిగతా ఇల్లంతా వెల్ల వేయించాడు.

కాపురానికి కుప్పం వచ్చాక, ఇక్కడి నుంచి రైలుంది కదా అని అత్తను మద్రాసు తీసుకెళ్లాను. ఇసుకలో దూరంగానే నిలబడిపోయింది. ఎంతో సేపటికి నా చేయి పట్టుకుని తడి ఇసుక దాకా వచ్చింది. అల పాదాలు తాకగానే వంగి, దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుంది.

"ఇంత ఉప్పా పాపా," అంది. "ఎట్ల మింగినాడో."

అప్పుడు ఏడ్చింది. అన్నేళ్లలో ఆమె కంట నీళ్లు చూడడం నాకు అదే మొదలు. ఊరు చేరాక, మామకు అప్పటిదాకా జరగని కర్మ చేయించమని తనే నాన్నను అడిగింది. గోడను మాత్రం వదల్లేదు. నీలంలో బూడిద కలిపి సముద్రాన్ని కొత్తగా వేసింది. "ఆ సముద్రానికీ ఎవురూ లేరు పాపా, అందుకే ఒక్క నిమిసం ఊరికే ఉండలేదు" అనేది. నాకు బొమ్మలు వేయడం రాలేదు. దుఃఖం మీద పడ్డప్పుడు చేతులకు పని చెప్పడం మాత్రం ఆమెను చూసే నేర్చుకున్నాను.

అత్తను సాగనంపి ఆమె ఇంటికి వచ్చాక, చుట్టాలంతా వాకిట్లో ఉండగా నేను నడవలోకి వెళ్లాను. గోడ నిండా అలలు. కింద, ఆమె రోజూ వెన్ను ఆనించి కూర్చునే చోట రంగు అరిగిపోయి, తలనూనె మరక గుండ్రంగా మిగిలింది. ఆ చోటు వదిలి, పక్కన కూర్చున్నాను.