నల్లోడు నడిచి వచ్చిన సోమవారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నల్లోడని ఒక కుక్క ఉండేవాడు. కుక్కే అయినా మేమెవరమూ వాణ్ణి 'అది' అనేవాళ్ళం కాదు. రాజోలుకు కాస్త అవతల, కాలువ గట్టును ఆనుకుని మా ఇల్లు. ఓ వానాకాలం వాడు ఎక్కణ్ణుంచో వచ్చి మా కొబ్బరికాయల పాకలో చేరాడు. మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయి మచ్చ ఉండేది. ఎవరో ఇనప తీగతో కట్టేసి ఉంచితే తెంచుకుని వచ్చేసుంటాడని నాన్నగారు అనేవారు. పెట్టింది తినేవాడు, రోజంతా నా వెనకే తిరిగేవాడు. తాడు కనిపిస్తే మాత్రం పాక మూలకి దూరిపోయి పళ్ళు బయటపెట్టేవాడు.

నేను మూడో తరగతి ప్యాసైన ఏడు ఊళ్ళోకి పిచ్చికుక్క వచ్చింది. ఒక లేగదూడనీ, వీధిలో కొన్ని కుక్కల్నీ కరిచింది. కొన్నాళ్ళకి ఆ దూడ నురగలు కక్కుతూ చచ్చిపోవడంతో ఊరంతా హడలిపోయింది. మమ్మల్ని వాకిట్లో కూడా ఆడుకోనిచ్చేవారు కాదు. అప్పుడు పంచాయతీ పెద్దలు పశువుల డాక్టరు గారితో మాట్లాడి, వచ్చే సోమవారం స్కూలు దగ్గర పెంపుడు కుక్కలన్నిటికీ ఇంజెక్షన్లు వేయిస్తామని చెప్పేరు. ఆ తర్వాత ఇంజెక్షన్ లేని కుక్క ఏది కనిపించినా చంపేయిస్తామని కూడా చెప్పేరు.

మర్నాడే నాన్నగారు, తోటలో పనిచేసే ఇద్దరూ కలిసి నల్లోణ్ణి కట్టడానికి చూసేరు. తాడు పట్టుకుని ముగ్గురూ మూడు వైపుల నుంచి వెళ్ళేసరికి వాడు గోడకి అతుక్కుపోయి, గుర్రుమంటూ గాలిలోకి కొరికాడు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న ఓ పెద్దాయన, వీడికీ పిచ్చి పట్టేసిందండీ అనేశారు. ఆ మాట సాయంత్రానికల్లా వీధంతా పాకిపోయింది. నాన్నగారికి వాడంటే ఇష్టమే. కానీ చిన్నపిల్లలున్న ఇల్లు. సోమవారానికి వాణ్ణి స్కూలు దాకా తీసుకెళ్ళలేకపోతే పంచాయతీ వాళ్ళకి అప్పజెప్పేయడమేనని అమ్మతో అంటుంటే విన్నాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నా అదృష్టం కొద్దీ, ఆ గురువారమే మా పెద్దమ్మ సెలవులకి దిగింది. అమలాపురంలో టీచరు. తన ఇంట్లో ఎప్పుడూ ఒక కుక్కో రెండు పిల్లులో ఉండేవి. సంగతంతా విని, ముందు నల్లోణ్ణి ఏ కుక్కయినా కరిచిందేమోనని గుచ్చి గుచ్చి అడిగింది. పిచ్చికుక్క వచ్చిన దగ్గర్నుంచీ వాడు మా దడి దాటలేదని అమ్మ చెప్పాకే పాక వైపు వెళ్ళింది. దగ్గరికి కూడా వెళ్ళలేదు. దూరంగా పీట వేసుకుని, వాడి వైపు సూటిగా చూడకుండా, పొద్దున్నంతా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది. తర్వాత నాన్నగారిని పిలిచింది.

"మీరంతా పళ్ళే చూస్తున్నారు మరిది గారూ. తోక చూడండి, కడుపు కిందకి ఎలా ముడుచుకుపోయిందో. చెవులు వెనక్కి పడిపోయాయి. ఇది కోపం కాదండీ, ప్రాణభయం."

నాన్నగారు కాసేపు చూసి, "అయితే ఏం చేద్దామంటారు?" అన్నారు.

"మీరెవరూ ఏమీ చెయ్యొద్దు. అమ్మాయిని నాకు వదలండి. దాని దగ్గరకైతే వాడంతట వాడే వస్తాడు."

ఆ మాటకి నా గుండె ఎంత పొంగిందో ఇప్పటికీ చెప్పలేను.

పెద్దమ్మ పక్కనే ఉండి నా చేత అన్నీ చేయించింది. మొదట తాడుని వాడి అన్నం గిన్నె పక్కన ఊరికే పడేసి ఉంచాం. తినడానికి రాలేదు. గిన్నెని కాస్త దూరం జరిపితే వచ్చాడు. మర్నాటికి తాడుని తొక్కుకుంటూనే తిన్నాడు. ఆ తర్వాత నేను తాడుని నా భుజాన వేసుకుని, వాడికి పక్కకి తిరిగి కూర్చున్నాను. మూతి నాక్కుంటున్నా, ఊరికే ఆవలిస్తున్నా వాడికి బెరుగ్గా ఉన్నట్టని, అప్పుడు ఆగిపోవాలని పెద్దమ్మ చెప్పింది. ఎన్నోసార్లు ఆగిపోయాం. తెలియని కుక్కల దగ్గర మాత్రం ఈ పనులు చెయ్యనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, పాత చీర అంచుతో మెత్తగా పేనిన పట్టీ వాడి మెడకి వేసి, దానికి తాడు ముడేశాను. వాడు ఒళ్ళు దులుపుకుని, నా మోకాలి మీద తల పెట్టుకున్నాడు. పెద్దమ్మ వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

సోమవారం స్కూలు దగ్గర పెద్ద గోల. కుక్కల్ని ఈడ్చేవాళ్ళు, అరిచేవాళ్ళు, కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు. గేటు దగ్గర నల్లోడు ఆగిపోయి వణికాడు. ఎవరో నవ్వేరు. నాన్నగారు తాడు అందుకోబోతే పెద్దమ్మ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. నేను గుంజలేదు. వాడికి పక్కకి తిరిగి అక్కడే దుమ్ములో కూర్చున్నాను. నవ్వులు ఆగిపోయాయి. కాసేపటికి వాడు నా భుజం వాసన చూసి, లేచి నాతో నడిచాడు. అంతమంది మధ్యలోంచి తాడు వదులుగా వేలాడుతుండగా ఇద్దరం డాక్టరు గారి బల్ల దాకా వెళ్ళాం. ఆయన కింద కూర్చుని ఇంజెక్షన్ వేసేరు. నల్లోడు ఒక్కసారి కుయ్యిమన్నాడు, అంతే.

డాక్టరు గారు లేచి, "చూశారుగా. అరుపులు మానేసి, దూరదూరంగా నిలబడండి. ఎవరి కుక్కని వాళ్ళే పట్టుకోండి" అన్నారు. పిచ్చి పట్టిందన్న పెద్దాయనే అందరికంటే ముందు, "ఆయ్, అలాగేనండీ" అంటూ చేతిలో కర్ర పారేశారు. సాయంత్రానికి వచ్చిన కుక్కలన్నిటికీ ఇంజెక్షన్లు పడ్డాయి. వాటిలో ఒక్కదాన్నీ చంపాల్సిన అవసరం రాలేదు. ఇంటికొచ్చే దారిలో నాన్నగారు నన్ను భుజాల మీదకి ఎత్తుకున్నారు. మా ముందు నల్లోడు తోక పైకెత్తి, గట్టంతా తనదే అన్నట్టు నడిచాడు.

పెద్దయ్యాక నేనూ టీచర్నే అయ్యాను. ఒకటో తరగతిలో చేరిన కొత్తల్లో కొందరు పిల్లలు తలుపు పట్టుకుని వదలరు. కొడతారు, రక్కుతారు, పలకలు విసిరేస్తారు. అలాంటి పిల్లాణ్ణి మొండివాడని తోటి టీచర్లు అనేవారు. నేను మాత్రం వాడికి కాస్త దూరంగా, పక్కకి తిరిగి నేల మీద కూర్చుని, నా పాటికి నేను ఏదో బొమ్మ గీసుకుంటూ ఉండేదాన్ని. ఎంతసేపైనా సరే. చివరికి ఒక చిన్న చెయ్యి వచ్చి నా సుద్దముక్క అడిగేది.