టైపు మిషన్లు తిరిగొచ్చిన రోజు

మా టైపు మాస్టారు పోయారు. మొన్న పొద్దున రేపల్లె నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. బాపట్లలో మా ఆఫీసులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. కానీ ఆయన్ని తలుచుకుంటే ముందు కళ్ళకి కట్టేది ఎనభైల్లో ఒక రోజు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను.

రేపల్లెలో ఆయన ఇన్‌స్టిట్యూట్ అంటే పెంకుటింటి వసారా, ఆరు మిషన్లు. అక్షరాలు చూడకుండా కొట్టాలని మా చేతుల మీద తువ్వాలు కప్పేవారు. "కళ్ళతో నేర్చుకుంటే మర్చిపోతారమ్మా, వేళ్ళతో నేర్చుకోండి" అనేవారు.

టైపు లోయర్ పరీక్షకి రెండు నెలలుందనగా పోలీసులొచ్చి ఆరు మిషన్లూ పట్టుకెళ్ళారు. ఎవరో దొంగ సర్టిఫికెట్లు టైపు చేశారట, మా దగ్గరేనేమోనని అనుమానం. ఏ స్టేషనో ఇక్కడ అనవసరం. నెల తిరక్కుండానే అసలువాడు దొరికాడు, వాడి మిషనూ దొరికింది. మావాటికి ఏ సంబంధమూ లేదని వాళ్ళే రాసుకున్నారు. అయినా ఇవ్వలేదు. ఎప్పుడడిగినా "పైనుంచి ఆర్డరు రావాలి మాస్టారూ" అనేవారు.

మాస్టారు అట్టముక్కల మీద అక్షరాల గళ్ళు గీసి, "ఈలోపు వీటి మీద కొట్టండి" అని మాకిచ్చారు. తను రాజ్యాంగం పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. అర్జీ చేత్తోనే రాశారు. ప్లీడర్ని పెట్టుకోలేదు.

తెనాలి కోర్టుకి ఆయన వెంట మేం నలుగురం ఆడపిల్లలం వెళ్ళాం. మెజిస్ట్రేటు గారు అర్జీ చదివి, "ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాదు, తెలుసా?" అన్నారు. ఇక మిషన్లు రావనుకున్నాను.

"తెలుసండి," అన్నారు మాస్టారు. "అక్కణ్ణుంచి తీసేశారు గానీ రాజ్యాంగంలోంచి తీసెయ్యలేదండి. చట్టం ఒప్పుకుంటే తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదని మూడు వందల-ఏ అధికరణంలో ఉందండి. పట్టుకెళ్ళిన రోజు చట్టముంది, నేను కాదనలేదు. ఇవాళ ఏ చట్టం కింద అట్టిపెట్టుకున్నారో చెప్పమనండి."

మెజిస్ట్రేటు గారు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగారు. "ఏంటండీ, చెప్పండి."

ఆయన ఫైలు అటూ ఇటూ తిప్పారు. "పైనుంచి ఆర్డరు రావాలండి..."

"ఆర్డరు నేనిస్తున్నాను. సాయంత్రంలోగా అప్పగించండి."

మేం చప్పట్లు కొట్టబోతే మాస్టారు కళ్ళతోనే ఆపారు. బయటికొచ్చాక, "మనదైందాన్ని బతిమాలి అడక్కూడదమ్మా, మర్యాదగా అడగాలి" అన్నారు.

సాయంత్రం తెనాలిలోనే ఆరు మిషన్లూ అప్పగించారు. వాటిని రేపల్లె పాసింజరులో ఎక్కించాం. దుమ్ము పట్టి, మీటలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎదుటి సీట్లో పెద్దావిడ, "ఏంటమ్మా ఇవి, కుట్టుమిషన్లా?" అంది. నలుగురం ఒకేసారి కథంతా చెప్పేశాం. వేమూరు దాటేసరికి పెట్టెలో అందరికీ తెలిసిపోయింది. మాస్టారు మాత్రం కండువా అంచుతో ఒక్కో మీటా తుడుస్తూ, నొక్కి వదులు చేస్తూ కూర్చున్నారు.

భట్టిప్రోలు దగ్గర ఇక ఆగలేకపోయారు. ఒక మిషను ఒళ్ళో పెట్టుకుని కాయితం ఎక్కించారు. కిటికీలోంచి వచ్చే గాలికి అది రెపరెపలాడుతోంది. ఆయన కిటికీ బయట వరిచేలు చూస్తూ, మీటల వైపు చూడకుండా, టకటకా కొట్టుకుంటూ పోతున్నారు. వరస పూర్తయిన ప్రతిసారీ మిషను గంట టింగుమంటోంది. మోగినప్పుడల్లా పెట్టెలో జనం మాటలాపి ఆయన వైపు చూస్తున్నారు.