మైకు అందుకోని లౌడ్‌స్పీకరు

లీడర్‌షిప్ క్లాసులో మా లౌడ్‌స్పీకరు తమ్ముడికి నోరు మూసుకున్నందుకే అందరికంటే ఎక్కువ మార్కులు పడ్డాయట. నిజమో కాదో మాస్టారు మాత్రం చెప్పరు. వాడు నోరు తెరిస్తే పక్కవీధి కుక్కలు కూడా మొరగడం మానేస్తాయి. ఎవరు మాట మొదలుపెట్టినా, చెయ్యి అడ్డంగా ఊపి తనే పూర్తిచేస్తాడు. చివరి పరీక్షనాడు వాడి జట్టు తరఫున నత్తి ఉన్న పిల్ల మాట్లాడాలి. ఆమె చెప్పలేకపోతే ఆమె ఫెయిలే. మొదటి మాటకే ఆగిపోయింది. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. ఆమె మైకు వాడికి ఇవ్వబోయింది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, "తొందరేం లేదు, నువ్వే చెప్పు. వింటాం" అన్నాడు మెల్లగా. చెమటలు కక్కుతూ ఆమె చివరిదాకా చెప్పింది. గది గదంతా ఊపిరి బిగబట్టి వింది. ఆ సంగతి అడిగితే, "అబ్బే, ఎవరో కోతలు కోశారక్కా! ఆ రోజు నాకు గొంతు పట్టేసింది, అంతే" అంటాడు.