కాలువ పాలైన బీరు

2023 వేసవి. పోర్ట్ బ్లెయిర్‌లో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియక బకెట్లు పట్టుకుని కూర్చునే రోజులు. అబర్డీన్ బజార్‌లో నాది ఆర్వో మెషీన్ల షాపు. పదిహేనేళ్లుగా హోటళ్లకీ హాస్టళ్లకీ తాగునీటి ప్లాంట్లు బిగిస్తున్నాను. చేయి తిరిగినవాణ్ణని కాస్త పొగరు కూడా ఉండేది.

రేవుకి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో పద్మ దీదీ లైసెన్సు తెచ్చుకుని చిన్న బీరు తయారీ కేంద్రం పెట్టింది. మత్తు బాగా తక్కువున్న బీరు చేయాలని ఆవిడ పట్టుదల. మామూలు బీరును మెంబ్రేన్ అనే సన్నని పొర మీదుగా ఒత్తిడితో పంపితే ఆల్కహాలు, కొంత నీరు అవతలికి జారిపోతాయి. రుచి, రంగు ఇవతలే ఉంటాయి. పోయిన నీటికి బదులు మంచినీరు కలపాలి. మరిగించే పని లేదు కాబట్టి ఖర్చయ్యే కరెంటు తక్కువే. చిక్కంతా ఆ నీటితోనే.

"గల్లీ వాళ్లకి మాటిచ్చాను భయ్యా, కుళాయి నీళ్లు చుక్క కూడా ముట్టనని. వాన నీళ్ల ట్యాంకులో ఉన్నవే మనకి. ఈ బీరు చెడిందంటే మళ్లీ వానలొచ్చేదాకా తాళమే," అంది.

"నాకొదిలెయ్ దీదీ, టెన్షన్ మత్ లో," అన్నాను.

చాతం రేవు నుంచి ఫెర్రీలో సామాను తీసుకెళ్లి, పైపులు బిగించి, పంపు వేశాను. పొర దాటి వచ్చేదాన్ని శుభ్రంగా కడిగిన డ్రమ్ములోకి, మిగిలేదాన్ని కాలువలోకి వదిలాను. తాగునీటి ప్లాంటులో అదే పద్ధతి. దాటి వచ్చిందే సరుకు, మిగిలింది రిజెక్ట్. అరగంటకి దీదీ వాకిట్లోంచి కేకేసింది.

"అరే భయ్యా, కాలువంతా నురగేంటి?"

పరుగెత్తి పంపు ఆపేసరికే సగం బీరు కాలువ పాలైంది. డ్రమ్ములో నేను భద్రంగా పట్టింది ఆవిడ వద్దనుకున్న ఆల్కహాలు నీళ్లు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"తప్పు నాదే దీదీ."

"అది తర్వాత చూద్దాం. మిగిలిన సగం నిలబడుద్దా, లేదా? అది చెప్పు."

నిలబెట్టి తీరాలనుకున్నాను. పైపులు మార్చి, పొర ఇవతల మిగిలేది మళ్లీ బీరు ట్యాంకులోకే వచ్చేలా చేశాను. ముందు నీరు కలపకుండా బీరును చిక్కబడనిచ్చాను. అలా చేస్తే తర్వాత పోయాల్సిన నీరు తగ్గుతుంది. ట్యాంకులకీ పైపులకీ తొలి కడుగు ఆ డ్రమ్ములో నీళ్లతోనే కానిచ్చాం. వాన నీళ్లు బీరులో కలపడానికి మిగిలాయి.

సాయంత్రానికి ఆల్కహాలు మేమనుకున్న గీత కిందికి దిగింది. దీదీ గ్లాసులో పోసి ఒక గుక్క తాగింది.

"బీరే భయ్యా! పక్కా బీరే!"

వాన నీళ్ల ట్యాంకులో కర్ర పెట్టి కొలిస్తే అడుగున ఇంకా జానెడు నీళ్లున్నాయి. కుళాయి ఎవరూ తిప్పలేదు.

ఇప్పుడెక్కడికెళ్లినా పంపు వేసేముందు ఓనరుని అడుగుతాను, "ఈ రెండు పైపుల్లో మీకు కావాల్సింది దేంట్లోంచి రావాలి?" అని. ఇంత అనుభవం ఉండి ఇదేం ప్రశ్న అని కొందరు నవ్వుతారు. నవ్వనీ. అంత అనుభవం ఉండబట్టే ఆ రోజు దీదీని అడగలేదు.